పెట్టె వచ్చిందా?

ఇప్పుడు సినిమాకి బరువు లేదు. ఈ మధ్య మా ఊరు బోధన్ వెళ్లినప్పుడు, ఇంకా తలుపులు మూయని ఓ పాత హాలు ముందు ఆగి మేనేజరును పలకరించాను. శుక్రవారం బొమ్మ వచ్చిందా అనడిగితే, "రాత్రే దిగింది సార్, తాళం రావాలె" అన్నాడు. దిగడమంటే మిద్దె మీది గొడుగులోంచి సర్వర్‌లోకి దిగడం. తాళమంటే ఆట వేసుకోవడానికి వాళ్లు పంపే అంకెల వరస. క్యాబిన్ మెట్ల కింద ఓ సిమెంటు దిమ్మె ఉండేది. ఇంకా ఉంది. దాని మీద తాగునీళ్ల క్యాన్లు పేర్చారు. నీళ్ల క్యాన్లంటే ఏమిటో తెలియని రోజుల్లో ఆ దిమ్మె కట్టింది పెట్టె దించడానికి.

పెట్టె అంటే సినిమా పెట్టె. మందపాటి రేకు, మూలలకు ఇనప పట్టీలు, రెండు పక్కలా పిడులు, మూత మీద తెల్ల రంగుతో సినిమా పేరు, ప్రింటు నంబరు. చాలా సినిమాలు మోసిన పెట్టె అయితే పాత పేరు మీదే కొత్త పేరు రాసేవాళ్లు. అడుగున ఏదో పౌరాణికం పేరు సగం కనబడుతూ ఉంటే దాని మీద ఎర్రరంగుతో దెయ్యాల సినిమా పేరు ఎక్కి కూచునేది. లోపల గుండ్రటి రేకు డబ్బాలు, డబ్బాకో రీలు. ఫిల్ము మెషీన్లో నిమిషానికి 90 అడుగుల చొప్పున పోతుంది. ఆ లెక్కన రెండున్నర గంటల హిందీ సినిమా అంటే పదమూడు వేల అడుగుల పైమాట, నాలుగు కిలోమీటర్లు. పెట్టెను ఒక్క మనిషి ఎత్తలేడు. హైదరాబాదులో నైజాం ఏరియా హక్కులు కొన్న ఆఫీసు నుంచి బస్సు టాపు మీద నిజామాబాదు, అక్కడ ఆడినన్నాళ్లు ఆడి మా వైపు. బస్టాండులో హమాలీలిద్దరు దాన్ని దించి రిక్షాలో పెడితే, రిక్షా వెనక మేము.

పెట్టె వెంట రిప్రజెంటేటివ్ వచ్చేవాడు. చంకలో రెగ్జిన్ బ్యాగు, అందులో టికెట్ల లెక్కలు, రోజువారీ వసూలు రాసే డీసీఆర్ ఫారాలు. లాడ్జిలో గది, హాలు క్యాంటీన్లో చాయ్. ఆటకు ముందు గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. హాలువాళ్లు తక్కువ చూపిస్తారని అతని అనుమానం, ఎక్కువ రాయించుకుంటాడని వాళ్ల అనుమానం. ఇద్దరూ కలిసే భోంచేసేవాళ్లు.

పెట్టె రాకపోతే? అది పండగ నాటి వానలాంటి సంగతి. ఒకే ప్రింటును రెండూళ్లలో ఆడించే రోజులు. అక్కడ ఇంటర్వెల్ దాకా నడిచిన రీళ్లను స్కూటర్ మీద ఇక్కడికి తేవాలి. స్కూటర్ పంక్చరయిందంటే జనం బెంచీలు ఎత్తేవాళ్లు. మేనేజరు తెర ముందుకొచ్చి దండం పెట్టి పాత పాటల రీలు ఏదైనా వేయించేవాడు. అందుకే మా ఊళ్లో శుక్రవారం పొద్దున పిల్లలకూ, రిక్షావాళ్లకూ, హాలు ఎదురుగా మిర్చిబజ్జీల బండి అతనికీ ఒకటే ప్రశ్న ఉండేది.

*

ఆ పెట్టెల్లో ఒకదానిలో ఇంకో పెట్టె ఉండేది.

రామ్సే సోదరులు తీసిన ‘పురానా మందిర్’ 1984లో వచ్చింది. మా ఊరికి ఎప్పుడొచ్చిందో చెప్పలేను కాని, ఒక్కసారి వచ్చి పోలేదు. ఏ కొత్త బొమ్మా దొరకని వారం అది మళ్లీ వచ్చేది. కథ ఆ పెట్టె చుట్టూ తిరుగుతుంది. రెండు వందల ఏళ్ల కింద రాజా హరిమాన్ సింగ్ రాజ్యంలో సామ్రీ అనే దుష్టుడు. పెళ్లికూతుళ్లను, పసివాళ్లను, చివరికి శవాలను కూడా వదలడు. రాజు కూతురు రూపాలి వాడి చేతిలో చిక్కుతుంది. రాజు వాణ్ణి పట్టి తల నరికిస్తాడు. మొండేన్ని పాత గుడి వెనక పాతిపెట్టి, తలను పెట్టెలో పెట్టి, గొలుసులు చుట్టి, త్రిశూలం కాపలాతో హవేలీలో దాచిపెట్టిస్తాడు. నరకబోయే ముందు సామ్రీ శాపం పెడతాడు. తల మొండెం వేరుగా ఉన్నంతకాలం ఆ వంశంలో ఆడది కాన్పులోనే పోతుంది. తల మొండెం కలిశాయా, వంశమే మిగలదు.

అంటే పెట్టె మూసి ఉన్నా చావే, తెరిచినా చావే. భయం సినిమాలన్నిటిలోనూ ఎవరో ఒకరు తెరవకూడని దాన్ని తెరుస్తారు. చూసేవాడు "తెరవకురా" అని అరుస్తాడు. ఇక్కడ అలా అరవడానికి కూడా మనసొప్పదు. తెరవకపోతే ఆ వంశంలో ఇప్పటి పిల్ల సుమన్ గతేమిటి? ఠాకూరు వేషంలో ప్రదీప్ కుమార్ కూతురి ప్రేమను అడ్డుకుంటాడంటే డబ్బు కోసమో పరువు కోసమో కాదు, పెళ్లైతే కాన్పు, కాన్పైతే చావు అని. ఇంత మంచి ముడి వేసుకుని దాన్ని మోహ్‌నీష్ బహల్ చేతా పునీత్ ఇస్సార్ చేతా ఫైటింగులతో విప్పించారు, అది వేరే సంగతి.

సినిమాకి ముందు సినిమా మైకులో వచ్చేది. రిక్షాకు రెండు వైపులా తడికలు కట్టి, తడికలకు పోస్టర్లు అంటించి, పైన గూబలాంటి మైకు. చెప్పేవాడు ఉదయం ఎరువుల దుకాణానికీ మధ్యాహ్నం సినిమాకూ ఒకే గొంతుతో చెప్పేవాడు. దెయ్యాల బొమ్మ వచ్చిన వారం మాత్రం గొంతు మార్చేవాడు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణీలు, చిన్నపిల్లలు రావద్దని ముందే హెచ్చరిస్తున్నామని, వస్తే యాజమాన్యానికి బాధ్యత లేదని. అది విన్న తరవాత రాకుండా ఎవరుంటారు? రిక్షాలోంచి గులాబి, పసుపు రంగు కాగితాల కరపత్రాలు విసిరేవాళ్లు. మేము వాటిని ఏరి నోటుపుస్తకాలకు అట్టలేసుకునేవాళ్లం. లెక్కల పుస్తకం మీద సామ్రీ.

*

ఆ సినిమా తీసిన ఇంటి సంగతి మాకు చాలా కాలం తరవాత తెలిసింది. తెలిసినప్పుడు ఆశ్చర్యం వేయలేదు. మా వీధిలో అప్పడాలు ఒత్తి అమ్ముకునే ఇల్లొకటి ఉండేది. ఒకరు పిండి తడపడం, ఒకరు ఒత్తడం, ఒకరు ఎండపెట్టడం. రామ్సేలదీ అదే వ్యవహారం.

తండ్రి ఎఫ్.యు. రామ్సే అసలు పేరు రామ్‌సింఘానీ. కరాచీలో రేడియోల దుకాణం. కొనడానికొచ్చే ఇంగ్లీషువాళ్లకు నోరు తిరగక పేరు పొట్టిదైంది. దేశం చీలాక బొంబాయి వచ్చి అక్కడా రేడియోలే. సినిమా మీద మోజు. కొన్ని తీశాడు. 1963లో పృథ్వీరాజ్ కపూర్, సురయ్యాలతో ‘రుస్తుమ్ సొహ్రాబ్’ కూడా ఆయనదే. 1970లో ‘ఏక్ నన్నీ మున్నీ లడకీ థీ’ తీసి చేతులు కాల్చుకున్నాడు. అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముఖోటా తొడుక్కుని దొంగతనానికొచ్చే ఘట్టం ఒకటుంది. కొడుకులు హాలుకెళ్లి చూస్తే జనం ఆ ఘట్టం దగ్గరే కదులుతున్నారు, మిగతాది ఎవరికీ పట్టడం లేదు. ఆ ముక్క ఒక్కదాన్నే సినిమా చేద్దామన్నారు కొడుకులు.

కొడుకులు ఏడుగురు. కుమార్ రాసేవాడు, గంగు కెమెరా, కిరణ్ శబ్దం, తులసీ శ్యామ్‌లిద్దరిదీ దర్శకత్వం, అర్జున్ ఎడిటింగు, కేశు ఏది ఆగితే దాన్ని కదిలించేవాడు. ఫిల్ము ఇన్‌స్టిట్యూట్‌ చదువులు ఎవరికీ లేవు. తండ్రి వాళ్లను కాశ్మీరు తీసుకెళ్లి పడవ ఇంట్లో పెట్టి, ఛాయాగ్రహణం మీద ఒక అమెరికన్ పుస్తకం ముందు వేసి నేర్చుకోమన్నాడు. తరవాత 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’. మహాబలేశ్వరంలో ఒక గెస్టు హౌసు మాట్లాడుకున్నారు. నటులు, సాంకేతికులు, తల్లి, కోడళ్లు అందరూ ఒకే బస్సులో. వంట తల్లిదీ కోడళ్లదీ. సెట్టు వేసే ఖర్చు లేదు, ఉన్న గెస్టు హౌసే భవంతి, దాని వెనకే శ్మశానం. నలభై రోజుల్లో, మూడున్నర లక్షల్లో పూర్తి చేశామని అన్నదమ్ములు చాలాచోట్ల చెప్పుకున్నారు. ఆ రోజుల్లో పెద్ద హీరో సినిమాకు అంతకు ఎన్నో రెట్లు. పైగా రెండేళ్లు మూడేళ్లు సాగేవి.

‘పురానా మందిర్’ నాటికి చెయ్యి తిరిగింది. హవేలీ కోసం మురుద్‌లోని నవాబుల రాజభవనానికి వెళ్లారు. సముద్రం గాలికి నల్లబడ్డ గోడలు. ఆ నలుపును ఏ పెయింటరూ తేలేడు, ఆ నలుపుకు కూలీ ఇవ్వక్కరలేదు. సామ్రీగా వేసిన అజయ్ అగర్వాల్ రూర్కీలో చదివిన ఇంజనీరు. ఆరడుగుల పైన ఎంతో ఎత్తు, మొహం నిండా ఎముకలు. మేకప్ లేకుండా నిలబడితేనే సగం పని అయిపోయేది. తరవాత ‘బాండిట్ క్వీన్’లోనూ కనిపించాడు కాని, మా ఊళ్లో అతనికి జీవితాంతం ఒకటే పేరు.

నిజం చెప్పాలంటే రామ్సేల సినిమాల్లో మంచి సినిమా అనదగ్గది తక్కువ. కథలు అటూ ఇటూ పాకుతాయి, పాటలు ఎక్కడ పడితే అక్కడ వస్తాయి, స్నానాల గది ఘట్టం లేనిదే రీలు కదలదు. కాని పొగ, నీలి దీపం, ఊగే షాండ్లియరు, గొళ్లెం తనంతట తను కదలడం — వీటితో ఏడుగురు మనుషులు ఒక గదిని ఎలా భయపెట్టారో చూడండి. పొగ ఒకడు ఊదుతున్నాడు, గొళ్లేనికి దారం కట్టి ఒకడు లాగుతున్నాడు. ఆ పని మనకు కనిపిస్తుంది. మన విఠలాచార్యగారి ‘జగన్మోహిని’లో జయమాలిని పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టుకుని వంట చేసే ఘట్టంలోనూ అదే. ఎలా తీశారో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. అయినా ఆ రాత్రి పొయ్యి వైపు చూడడు.

*

మా హాలు ఆపరేటరును అందరూ చాచా అనేవాళ్లు. క్యాబిన్లోకి పిల్లల్ని రానివ్వకూడదు. కాని సిగరెట్లు తెచ్చిపెట్టేవాళ్లను రానివ్వచ్చు.

లోపల రెండు మెషీన్లు. కొలిమిలాగా ఉండేవి. నిజంగా మంటే. రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే మొనల మధ్య నిప్పు లేచేది. ఆ వెలుగును వెనక అద్దం పట్టి ఫిల్ము మీదికి విసిరేది. కడ్డీలు కరిగిపోతూ ఉంటే మధ్య దూరం పెరిగి బొమ్మ పచ్చబడేది, చాచా పిడి తిప్పి దగ్గరికి జరిపేవాడు. జరపడం మరిచాడో, తెర చీకటి, కింద నేల టికెట్ల నుంచి ఈలలు. మెషీన్లోంచి రేకు గొట్టం ఒకటి మిద్దె పైకి పోయేది. ఆట నడుస్తోందో లేదో ఊరవతల నుంచి ఆ పొగను చూసి చెప్పేవాళ్లు. మెషీన్ల చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది: టకటకటక అని ఎడతెగకుండా, మధ్యలో అతుకు వచ్చినప్పుడు ఒక్క చిన్న ‘టిక్’.

రీలు అయిపోవస్తోందనడానికి తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరిసేది. ఒకటి మెరిస్తే రెండో మెషీను తిప్పాలి, రెండోది మెరిస్తే దీని కిటికీ మూసి దాని కిటికీ తెరవాలి. సినిమాలో ఏ దెయ్యం వచ్చినా చాచా చూపు ఆ మూలే. సామ్రీ మొహం ఎలా ఉంటుంది చాచా అనడిగితే, "దేఖా నహీ బేటా, నేను చుక్క చూసేటోణ్ణి" అనేవాడు. అన్నిసార్లు ఆడించిన మనిషి.

ఇక ఫిల్ము తెగితే అసలు పని. కింద అరుపులు వింటూనే, తెగిన రెండు కొసలను బల్ల మీద పరిచి, బ్లేడుతో ఒక కొస మీది బొమ్మ గీకి, దాని మీద ఘాటైన వాసన వేసే సిమెంటు ఒక్క చుక్క రాసి, రెండో కొసను సరిగ్గా చిల్లు మీద చిల్లు పడేలా ఆనించి, బొటనవేలితో అదిమి లోపల్లోపల ఏదో చదువుకునేవాడు. చదవడం అయ్యేసరికి అతుకు ఆరేది. ఇన్నిన్ని సెకన్లు అని గడియారం చూసుకోలేదు ఎప్పుడూ. బ్లేడు తగిలిన చోట రెండు మూడు బొమ్మలు పోయేవి. ఒక ఊళ్లో రెండు, ఇంకో ఊళ్లో నాలుగు. మా ఊరికి వచ్చేసరికి ‘పురానా మందిర్’ ఎన్నిచోట్ల తెగిందో! సుమన్ వరండాలో నడుస్తూ ఉంటుంది, వెనక ఖాళీ. టిక్. వెనక సామ్రీ. మధ్యలో వాడు నడిచొచ్చిన అడుగులు ఎక్కడో ఒక హాలు క్యాబిన్ నేల మీద రాలిపోయాయి. రామ్సేలు తీసినదానికన్నా మేము చూసిందే ఎక్కువ భయంకరమని నా నమ్మకం. రంగు కూడా వాళ్లు వేసింది కాదు. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలరు ప్రింట్లు పాతబడేకొద్దీ నీలం, పచ్చ ముందు వెలిసిపోయి ఎరుపే మిగిలేది. చివరికి మంటా, రక్తమూ, చందమామా, ప్రదీప్ కుమార్ కోటూ ఒకే రంగు. బొమ్మ మీద నిలువు గీతల వాన.

రాలిన ముక్కలు మావి. ఫిల్ము ముక్కలకు మా బడిలో మారకపు రేటు ఉండేది. అమితాబ్ ముక్కకు గోలీలు, హేమమాలినికి ఇంకా ఎక్కువ. నాకొకసారి సామ్రీ దొరికాడు. కాలిపోయిన బల్బు అడుగు ఊడగొట్టి లోపలి తీగలు తీసి నీళ్లు పోస్తే అది భూతద్దం. మా ఇంట్లో చీకటి గది ఒకటి, దాని తలుపు సందులోంచి ఎండ పడేలా బయట చెల్లి అద్దం పట్టుకుంటే, ముక్కను బల్బు వెనక తలకిందులుగా పట్టుకోవాలి. గోడకు కట్టిన ధోవతి మీద సామ్రీ నిలబడ్డాడు. కదలడు, అరవడు. అంత సేపు ఎప్పుడూ చూడనివ్వలేదు వాణ్ణి సినిమాలో. మెడ దగ్గర రబ్బరు తొడుగు అంచు ఎత్తి ఉంది. దాని కింద మామూలు చర్మం, చెమట. ఆ చెమట మీద దీపం మెరుస్తోంది. మేకప్ కింద ఉడికిపోతున్న మనిషి. నేను ఆ ముక్కను ఎవరికీ అమ్మలేదు.

*

చక్కెర కర్మాగారం ఊరు మాది. అప్పట్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సైరన్ మోగితే షిఫ్టు మారినట్టు. సెకండు షో వాళ్లలో సగం షిఫ్టు దిగినవాళ్లు, బట్టలకు చెరకు రసం పులిసిన వాసన. గానుగ సీజనులో రాత్రుళ్లు చెరకు బండ్లు రోడ్డు పొడుగునా వరస కట్టి నిలిచేవి. బండి కింద లాంతరు వేలాడుతూ ఉండేది. ఎడ్లు నెమరు వేస్తూ ఉండేవి. బండివాళ్లు కూడా ఎడ్లను తోటివాడికి అప్పజెప్పి నేల టికెట్ కొనుక్కొచ్చేవాళ్లు.

నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. భయం కింది నుంచి పైకి పోయేది. తెరకు అంత దగ్గరగా, మెడ వెనక్కి వాల్చి చూసేవాడికి సామ్రీ ఎంత ఉంటాడో ఊహించుకోండి. నేలలో ఒకడు కెవ్వుమంటే అది బెంచీల్లోకి వచ్చేసరికి నవ్వయ్యేది, బాల్కనీ చేరేసరికి దగ్గు. ఎవడో ఒకడు చీకట్లో ముందువాడి మెడ మీద గడ్డిపరక ఆనించేవాడు. వాడి కేకకు హాలంతా లేచేది. గేటుమన్ టార్చి వేసి తిట్టేవాడు. ఒంటరిగా భయపడటం మాకు తెలియదు. ఎవరు ఎక్కువ భయపడ్డారన్నది మర్నాటికి ముచ్చట, ఆ పేరు వాడికి పెళ్లిదాకా వదిలేది కాదు.

ఆట వదిలాక ఇంటికి నడక. చెరకు బండ్ల వరస ఉన్నంతమేరా ధైర్యం. దాని తరవాత చింతచెట్టు. అక్కడికొచ్చేసరికి ముందు నడిచేవాడు వెనక్కీ, వెనక నడిచేవాడు మధ్యలోకీ సర్దుకునేవాళ్లు. అందరూ మధ్యలో నడవాలంటే ఎలా కుదురుతుంది? పాట ఎత్తుకునేవాళ్లం, గొంతు చించుకుని.

*

ఈ ముచ్చటంతా మగవాళ్లది. ఆ మాట చెప్పకుండా ఆ రోజులు ఎంత బాగుండేవో అని రాయడం అన్యాయం. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు, అందులోనూ సెకండు షోకు, మా ఇళ్ల ఆడవాళ్లు వెళ్లేవాళ్లు కాదు. వెళ్లేంత మర్యాద హాలుకూ లేదు. స్నానం ఘట్టం వచ్చినప్పుడు నేలలో లేచే మాటలు నేనిప్పుడు కూడా రాయలేను. కొన్ని హాళ్లలో పొద్దుటాటకు సినిమాతో సంబంధం లేని బిట్లు అతికించేవాళ్లు. చాచా ఆ పని చేశాడా లేదా నేనడగలేదు. బీడీ పొగ, గోడ వార మూత్రం, నల్లులు. క్యాబిన్ అరుగు మీద చాచా దగ్గు. కార్బన్ పొగ ఏళ్ల తరబడి పీల్చిన ఆపరేటర్ల దగ్గు అందరిదీ ఒకలాగే ఉండేది. ఇప్పటి ఆపరేటరు చల్లగదిలో కూచుని మీట నొక్కుతాడు. అది పోవాల్సిన కష్టమే, పోయింది.

మా అక్కకు దెయ్యాల కథలంటే ప్రాణం. ‘తులసిదళం’ సీరియల్ వచ్చే వారం పత్రిక ఇంటికి రాగానే మొదటి చేయి తనదే. బాపు చూడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేది. కాని ‘పురానా మందిర్’కు తనను పంపేవాళ్లెవరు? అందుకని నేను చెప్పాలి. వానాకాలం మధ్యాహ్నాలు, అరుగు మీద, అక్క, అక్క స్నేహితురాళ్లు ఇద్దరు, బియ్యంలో రాళ్లు ఏరుతూ. నేను మొదటి నుంచీ చెప్పాలి. తలుపు కిర్రుమన్న చప్పుడు, గజ్జెల చప్పుడు, గుడ్లగూబ కూత అన్నీ నోటితోనే. పెట్టె తెరుచుకునే చోటుకు వచ్చేసరికి గొంతు తగ్గించాలి. నేను తగ్గించేకొద్దీ వాళ్లు చేటలు పక్కనపెట్టి ముందుకు జరిగేవాళ్లు. కాన్పులో పోవడమనే శాపం దగ్గర మాత్రం వాళ్లు మాలాగా కెవ్వుమనేవాళ్లు కాదు. ఊరుకునేవాళ్లు. ఆ స్నేహితురాళ్లలో ఒకామె తల్లి అలాగే పోయిందని నాకు చాలా తరవాత తెలిసింది. మేము హాల్లో ఈలలేసిన చోట వాళ్లకు ఈలలు రాలేదు.

నానమ్మ తీర్పు వేరు. తలనూ మొండేన్నీ ఒకేచోట కాల్చి బూడిద చేస్తే పోయేదానికి దాచిపెట్టడమెందుకని. "దాచిపెడితెనే కదా మీకు సినిమా" అని ఆమే నవ్వేది. సినిమావాళ్లు చివరికి అదే చేస్తారని చెబితే, "మొదాలే జెయ్యాలె" అంది.

*

ఆ రోజులు పోవడం ఒక్కసారిగా పోలేదు. ముందు వీడియోలు వచ్చాయి. పెళ్లిళ్లలో, గణేశ్ మండపాల దగ్గర టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు. 1985లోనే రామ్సేలు సామ్రీని ‘త్రీడీ సామ్రీ’గా తెచ్చి కళ్లద్దాలు పెట్టించారు. అంతకు ముందేడు మలయాళంలో ‘మై డియర్ కుట్టిచాత్తన్’ రేపిన మోజు అది. రామ్సేల ఆట ‘వీరానా’, ‘బంద్ దర్వాజా’ దాకా నడిచింది. ఆపైన కేబుల్ టీవీ. 1993లో ‘జీ హారర్ షో’ మొదలైంది. అదీ రామ్సేలదే. హాళ్లకు రానివాళ్ల ఇళ్లకే వచ్చారు వాళ్లు. దాంతో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ ఒకే మంచం మీద దుప్పటి కప్పుకుని చూడటం మొదలైంది. అది చిన్న మేలు కాదు. అయితే మంచం మీద భయపడ్డవాడు ఇంటికి నడవక్కర్లేదు. చింతచెట్టుకు పని పోయింది.

2010 దాటాక హాళ్లన్నీ డిజిటల్‌కు మారాయి. రెండు మెషీన్లను పాత ఇనుము కింద తూకం వేసి అమ్మారు. మంటను పట్టే అద్దాలు మాత్రం ఎవరో గడ్డం గీసుకోవడానికి తీసుకెళ్లారట, మొహం ఇంతలేసి కనిపిస్తుందని. తులసీ రామ్సే 2018లో, శ్యామ్ ఆ మరుసటేడు, కెమెరా పట్టిన గంగు 2024లో పోయారు. వాళ్ల సినిమాలకు ఇప్పుడు కొత్త అభిమానులు. గీతలు, మరకలు తుడిచేసిన ప్రింట్లు, అసలు రంగులు. ఆ రంగుల్లో చూస్తే చందమామ తెల్లగా ఉంది. నాకది కొత్త.

మొన్న దసరాకు అక్క వచ్చింది. మనవడు ఫోన్లో ‘పురానా మందిర్’ పెట్టిచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని, ఎక్కడా ఆపకుండా, మధ్యలో బతుకమ్మ పూల లెక్క చూసుకుంటూ పూర్తిగా చూసింది. పెట్టె తెరుచుకున్నప్పుడు ఉలిక్కిపడలేదు. స్నానం ఘట్టంలో మనవడి మొహం అటు తిప్పింది. సామ్రీ వచ్చినప్పుడు "గింతేనా" అంది. ఇంతలో జగ్‌దీప్ మచ్ఛర్ సింగ్ అనే దొంగల నాయకుడిగా దిగాడు. ‘షోలే’ గబ్బర్‌ను వెక్కిరిస్తూ సాగే గోల అది. దెయ్యానికీ దానికీ సంబంధమే లేదు, రీళ్ల కొద్దీ ఉంటుంది. అక్క ఫోన్ ఆపి నా వైపు తిరిగింది.

"వీడెవడురా నడుమల? అరుగు మీద ఎప్పుడు చెప్పినా వీని ఊసే ఎత్తలేదు నువ్వు."

ఎత్తలేదు. రాళ్లు ఏరడం అయ్యేలోపు సామ్రీని లేపాలి కదా, మచ్ఛర్ సింగ్‌ను మొత్తం కోసేశాను.